దైవార్చనయు గానమును : మిలాను నుండి భిలాయి వరకు

ప్రార్థనకును పాటకును గల సంబంధము మనదేశమున క్రొత్తగా చెప్పవలసినది కాదు. మేలుకొలుపు మొదలు పవళింపుసేవ వరకు ఏ సేవకు ఏ పాట తగునో, దానిని ఎవరు పాడవలెనో, ఎంతసేపు పాడవలెనో మన పెద్దలు నిర్ణయించి యుంచిరి. త్యాగరాజస్వామి ఉత్సవసంప్రదాయ కీర్తనలు ఇట్టి క్రమమునకు చక్కని నిదర్శనము. పాట సేవకు అలంకారము కాదు, సేవలో ఒక అంగము. అయినను తన మాధుర్యముచేత సేవనే మరపింపజాలినంత బలము దానికి కలదు. ఈ రెంటి నడుమ తూకము నిలుపుట ప్రతి మతమునందును ఒక సమస్యయే. కాథలిక్ క్రైస్తవుల చరిత్రలో ఈ సమస్య పదునారు శతాబ్దులుగా నడచుచున్నది. అందు మూడు ప్రశ్నలు మరల మరల తలయెత్తినవి. పూజలో పాడవలసినవారెవరు? ఏ భాషలో పాడవలెను? పూజలోని ఏ భాగమును ముందుగా పాడవలెను? ఈ ప్రశ్నలు తెలుగునేలపై ఎట్టి రూపము దాల్చినవో, స్వస్థలము విడిచి భిలాయి ఉక్కునగరమున స్థిరపడిన తెలుగువారికి అవి ఎందులకు ప్రాణావసరములైనవో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

కథ మిలాను నగరమున ప్రారంభమగును. క్రీస్తుశకము 386 లో రాజమాత జస్టీనా ఆ నగరమందలి ఒక దేవాలయమును తన పక్షమువారికి ఇప్పింపవలెనని పట్టుపట్టెను. పీఠాధిపతియైన అంబ్రోసు అందుల కంగీకరింపలేదు. ప్రజలు ఆయనతోపాటు దేవాలయముననే జాగరము చేసిరి. దుఃఖముచే, అలసటచే వారు డీలపడకుండుటకై ఆయన తూర్పుదేశముల పద్ధతిని అనుసరించి కీర్తనలను వారిచేతనే పాడించెను. ఆయన రచించిన స్తోత్రములు పాదమునకు ఎనిమిదేసి అక్షరములు, చరణమునకు నాలుగేసి పాదములు కలవి. చదువురానివాడు సైతము రెండుమార్లు వినిన పాడగలడు. పండితుడైన ఆ పీఠాధిపతి ఇంత సులభమైన ఛందస్సును ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదు. పాట అందరి నోటను పలుకవలెనన్నచో అది అందరి నోటికిని అందవలెను గదా!

ఆ కాలమున మిలానులోనే యున్న అగస్టీను తరువాత తన ఆత్మకథలో రెండు విషయములు వ్రాసెను. ఆ పాటలు తనచే కన్నీరు పెట్టించినవని ఒకచోట చెప్పెను. పాడబడు విషయముకంటె పాడు కంఠమే తన్ను ఎక్కువగా కదిలించినచో అది తనకు దోషముగా తోచుచున్నదని మరియొకచోట చెప్పెను. తరువాతి శతాబ్దులలో ఈ విషయమై పుట్టిన శాసనములన్నియు ఈ రెండు మాటల నడుమ ఊగిసలాడినవే.

అంబ్రోసు ప్రజలకిచ్చిన పాట ప్రజలవద్ద చిరకాలము నిలువలేదు. ఆసియామైనరునందలి లవొదికయ సభ, నాలుగవ శతాబ్దమునందే, నియమితులైన గాయకులు తప్ప ఇతరులు దేవాలయమున పాడరాదని విధించియుండెను. క్రమముగా శిక్షితులైన గాయకబృందములు బలపడెను. ప్రజలు మాట్లాడు భాషలు మారిపోయినను పూజాభాష లాటినుగనే నిలిచెను. పాట మిక్కిలి అందమైనదై, మిక్కిలి దూరమైనదయ్యెను. బహుకంఠ గానము పెరిగినకొలది మాటలు ఒకదానిపై నొకటి పడి వినబడకుండ పోయినవి. 1562 లో త్రెంతు మహాసభ పూజాగానమునుండి లౌకికమును, అపవిత్రమును అయినదానిని తొలగింపవలెనని శాసించినది. కాని గానము ప్రజల కంఠమునకు మరల రావలెనను తలంపు అప్పటికింకను బలపడలేదు.

ఇట్టి స్థితిలో ఈ దైవార్చన తెలుగుదేశమున అడుగుపెట్టెను. 18 వ శతాబ్దారంభమున ఫ్రెంచి జెస్విటు గురువులు పుంగనూరు, కృష్ణాపురము మున్నగు చోట్ల పనిచేసిరి. వారు తెలుగు నేర్చిరి. వారిలో కూర్దూ పండితుడు నిఘంటురచన చేసినవాడు. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టరికమును 1767 లో పారిసు పండితులకు తెలిపినవాడు. ఆ శతాబ్దమునందే మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రమును వేదాంతరసాయనమను ప్రబంధముగా రచించెను. అనగా క్రైస్తవ విషయము తెలుగు పద్యమున ఒదిగిపోవుటకు ఆలస్యము కాలేదు. పూజ మాత్రము లాటినుననే సాగెను. 1773 లో జెస్విటు సంఘము రద్దయి, గురువులు అరుదైపోయిన దినములలో ఈ విశ్వాసమును నిలిపినది గురువుల లాటిను కాదు. ఇండ్లలో తల్లులు, పల్లెలలో ఉపదేశులు కంఠస్థముగా చెప్పించిన తెలుగు జపములు.

19 వ శతాబ్దమున క్రొత్త గురుసంఘములు వచ్చినవి. 1846 లో సవాయి ప్రాంతపు అన్సీ నగరమునుండి సలేసుపుర ఫ్రాన్సిసు సభవారు విశాఖపట్టణమునకు వచ్చిరి. 1855 లో మిలాను నగరపు గురువులు హైదరాబాదు, కృష్ణామండలములకు వచ్చిరి. అంబ్రోసు తన ప్రజలచేత పాడించిన నగరమునుండియే గురువులు తెలుగునేలకు వచ్చుట చరిత్రలో ఒక చమత్కారము. కాని వారు తెచ్చిన పూజావిధిలో ప్రజలకు పాట లేదు. సామాన్యపూజ జరుగునపుడు గురువు పీఠమువద్ద మెల్లగా లాటిను చదువుకొనును. వెనుక ప్రజలు జపమాల చెప్పుకొందురు, లేదా తెలుగు భక్తిగీతములు పాడుకొందురు. ఒకే కప్పు క్రింద రెండు ప్రార్థనలు, రెండు భాషలు, రెండు కాలగతులు. ఆడంబరపూజయందు గాయకబృందము లాటిను స్వరములను పాడును. ప్రజలు విందురు.

అదే కాలమున ప్రొటెస్టెంటు సమాజములలో వేరు చరిత్ర నడచినది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణములుగల కీర్తనలను కర్ణాటక రాగములలో రచించిరి. అవి ఆరాధనలో నేరుగా చోటుచేసికొన్నవి. కాథలిక్కుల తెలుగు పాట మాత్రము ఉత్సవములలో, ఊరేగింపులలో, ఇంటి జపములలో వర్ధిల్లినదే గాని పూజాగర్భమున ప్రవేశింపలేదు. దీనికి కారణము కవులు లేకపోవుట కాదు, విధి అనుమతింపకపోవుట.

మార్పు రోమునుండియే వచ్చెను. 1903 నవంబరు 22 న, గాయకుల పాలకురాలగు సిసిలియమ్మ పండుగనాడు, పదవ పయస్ పోపు పూజాసంగీతమును గూర్చి ఒక శాసనము వెలువరించెను. దాని మేలు, దాని కట్టుబాటు రెండును గుర్తింపదగినవి. గ్రెగోరియన్ గానమును ప్రజలు మరల పాడవలెనని అది కోరినది. అయితే ఆడంబరపూజలో దేశభాషాగీతములను నిషేధించినది; గాయకబృందమున స్త్రీలకు చోటులేదన్నది. 1955 లో పన్నెండవ పయస్ పోపు ఈ కట్టుబాట్లను కొంత సడలించెను. తుదకు ద్వితీయ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4 న దైవార్చన సంవిధానమును 2147 మంది అనుకూలురు, నలుగురు ప్రతికూలురుగా ఆమోదించినది. గానము దైవార్చనకు అనివార్యమైన అంగమనియు, ప్రజలు ప్రేక్షకులు కారనియు, ప్రతి జాతి తన సంగీతసంప్రదాయమును పూజకు తేవచ్చుననియు అందు నిర్ణయింపబడినది. 1965 మార్చి 7 న ఆరవ పౌలు పోపు రోమునందలి ఒక విచారణ దేవాలయమున ఇటాలియను భాషలో పూజ చేసెను. పదునారు శతాబ్దుల క్రిందటి మిలాను పాట మరల ప్రజలకు దక్కినది.

దక్కినదానిని నిలుపుకొనుట వేరొక విద్య. ఈ విషయమున 1967 మార్చి 5 న వెలువడిన పూజాసంగీత నిర్దేశము మిక్కిలి విలువైనది. మూడవ ప్రశ్నకు, అనగా ఏ భాగమును ముందు పాడవలెనను దానికి, స్పష్టమైన సమాధానము ఇందే కలదు. ఈ నిర్దేశము పూజాగానమును మూడు మెట్లుగా విభజించినది. మొదటి మెట్టున గురువునకును ప్రజలకును నడుచు సంభాషణలు, సువిశేషమునకు ముందు వెనుకల జయధ్వానములు, కృతజ్ఞతాస్తుతికి నాందియగు పలుకులు, త్రిశుద్ధస్తుతి, ప్రభుప్రార్థన మొదలగునవి చేరును. రెండవ మెట్టున దయాప్రార్థన, మహిమాగీతము, దేవుని గొఱ్ఱెపిల్లను గూర్చిన వేడుకోలు, విశ్వాసప్రమాణము, విశ్వాసుల విన్నపములు. మూడవ మెట్టున ప్రవేశగీతము, పఠనానంతర కీర్తన, అర్పణగీతము, సత్ప్రసాదగీతము మున్నగునవి. మొదటి మెట్టును మాత్రమే పాడి తక్కినవి విడువవచ్చును. మొదటిదానిని విడిచి రెండవదియు మూడవదియు పాడరాదు.

దీని భావము సూక్ష్మమైనది. మొదటి మెట్టునందలివి ఎంత చిన్నవి! గురువు ఒక మాట అనును, ప్రజలు ఒక మాట అందురు. సంగీతవిద్వాంసునకు అందు చూపదగిన ప్రజ్ఞ ఏమియు లేదు. కాని అవియే పూజకు వెన్నెముక. గురువును ప్రజలును ఒకరికొకరు పలుకుటయే పూజ సామూహికమనుటకు ప్రమాణము. మన దేశమున, ఇతర దేశములందును, విచారణలలో ఆచరణ తలక్రిందులై యుండుట తఱచు కనబడును. సంభాషణలు వచనముగా తొందరగా సాగిపోవును. నాలుగు పెద్దపాటలు మాత్రము ఘనముగా పాడబడును. అపుడు పాట పూజలో పుట్టినట్లుండదు, పూజపై నాలుగుచోట్ల పరచిన తివాసివలె ఉండును.

పాటకును క్రియకును సమన్వయము కుదుర్చువాడు మరియొక భేదము గుర్తెఱుగవలెను. కొన్ని పాటలు ఒక క్రియకు తోడుగా నడచును, కొన్ని పాటలు తామే క్రియ. ప్రవేశగీతము గురువు పీఠమును చేరువరకు నడచును. సత్ప్రసాదగీతము ప్రజలు వరుసగా వచ్చి స్వీకరించుచున్నంతసేపు నడచును. రొట్టె విరచునపుడు పాడు వేడుకోలు ఆ విరచుట ముగియువరకే. క్రియ ముగిసిన పిదప ఇంక నాలుగు చరణములు పాడినచో అందరు నిలిచి గాయకులకొరకు వేచియుండవలసి వచ్చును. మహిమాగీతము, త్రిశుద్ధస్తుతి, పఠనానంతర కీర్తన అట్టివి కావు. అవి నడుచునపుడు మరియొక పని యేదియు నడువదు, పాడుటయే పని. కాలభేదము కూడ కలదు. ఆగమనకాలమున, తపస్సుకాలమున ఆదివారములందు మహిమాగీతము ఉండదు. తపస్సుకాలమంతయు అల్లెలూయా మూగబోవును. పునరుత్థాన జాగరమునాడు అది మరల వినబడినపుడు కలుగు ఆనందము ఆ నలువదిదినముల మౌనము పెట్టిన భిక్ష.

ఈ విధులు తెలుగునకు వచ్చునప్పటికి భాషాస్వభావము అడ్డుతగిలినది. లాటిను గానము పదములోని ఊనికను అనుసరించి నడచును. తెలుగునకు ప్రాణము మాత్ర. గురులఘువులు తారుమారైనచో అర్థమే మారును. దయాప్రార్థనకు లాటిను స్వరమునే ఉంచి తెలుగు మాటలను అమర్చితిమి అనుకొందము. దీర్ఘస్వరము 'దయ' అను పదమున మొదటి అక్షరముపై పడినచో అది 'దాయ' అగును. కరుణను వేడవలసినవాడు జ్ఞాతిని పిలిచినట్లగును! రాగాలాపనలో అక్షరము సాగుట సహజమే గాని, ఒకే స్వరముపై వచనమును నడిపించుచోట ఇట్టి దీర్ఘము చెవికి ముల్లువలె తగులును. కావున అనువాదకుడు, స్వరకర్త వేర్వేరుగా కూర్చుండి చేయు పని కాదిది. 1967 నాటి నిర్దేశముకూడ ఈ పనికి పూనుకొనువారికి దైవార్చన, సంగీతము, దేశభాష, జానపదగానము ఇన్నింటియందును పరిచయము ఉండవలెనని చెప్పినది.

తెలుగున ఇందులకు ఆధారములు లేకపోలేదు. పూజాపాఠము ఛందోబద్ధము కాదు, వచనము. వచనమును పాడుట తెలుగువారికి క్రొత్త కాదు. కాకతీయుల కాలపు కృష్ణమాచార్యుడు సింహాచలేశుని సన్నిధిని తన వచనములను గానము చేసినవాడు. దండకములు, హరికథలు ఆ త్రోవలోనివే. ఇక పఠనానంతర కీర్తనకు మన పల్లవి చరణముల కట్టడి చక్కగా సరిపోవును. చరణమును గాయకుడు పాడును, పల్లవిని ప్రజలెత్తికొందురు. రామదాసు కీర్తనలు భజనలలో నేటికిని ఇట్లే పాడబడుచున్నవి. పల్లవి ఒక్కటి వచ్చినచాలును, పుస్తకము అక్కఱలేదు. పైగా క్రియ ముగిసిన వెంటనే చరణమును ఆపి పల్లవితో ముగింపవచ్చును. రోము కోరిన నియమమునకు తెలుగు భజన ఒక సిద్ధరూపము.

ఈ చరిత్ర భిలాయికి చేరుటకు ఒక పాత త్రోవ కలదు. అన్సీ గురువుల విశాఖ మండలము సముద్రతీరముననే ఆగలేదు. నాగపురి, కామఠీల వరకు వ్యాపించినది. 1887 లో నాగపురి ప్రత్యేకపీఠమయ్యెను. ఛత్తీస్‌గఢ్ మైదానము పిదప నాగపురి పరిధినుండి విడివడి 1964 లో రాయపూరు మండలముగను, 1973 లో మేత్రాసనముగను, 2004 లో అధిమేత్రాసనముగను ఏర్పడినది. 1931 లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలుమార్గము తీరమును మైదానమును కలిపెను. 1955 ఫిబ్రవరి 2 న సోవియట్ సహాయముతో ఉక్కు కర్మాగారమునకు ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4 న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు మొదటి ఊదుకొలిమిని ప్రారంభించెను. ఆ రైలుమార్గముననే ఉత్తరకోస్తా జిల్లాలనుండి పెక్కు తెలుగు కుటుంబములు భిలాయికి వచ్చినవి. పాడుపొలము, ఎఱ్ఱమట్టి ఉన్నచోట సెక్టర్లు లేచినవి. దేశము నలుమూలలవారును అందు పొరుగువారైరి.

అట్టి సెక్టర్ 7 లో ఒక తెలుగు కాథలిక్ కుటుంబమును ఊహింతము. తాత కట్టడపు దినములలో వచ్చెను. అతనికి జపములు తెలుగుననే వచ్చును. కుమారుడు హిందీలో చదువుకొనెను. మనుమరాలు ఇంట తెలుగు మాటలాడును గాని తెలుగు లిపి చదువలేదు. తెలుగు పాటను నాగరిలిపిలో వ్రాసికొని పాడును. దేవాలయమున పూజాభాష హిందీ. ప్రక్క వరుసలలో మలయాళీలు, తమిళులు, ఉరావులు. కర్మాగారమున కొలిమి చల్లారరాదు గనుక పని మూడు పాళ్లుగా నడచును. గాయకులందరును ఒక్కనాడు సాధనకు కూడుట దుర్లభము. ఇట్టిచోట పాటలను నిర్ణయించువాని చేతిలో నున్నది కేవలము రాగములపట్టిక కాదు. ఏ ఆదివారమున ఎవరి భాష వినబడునో, ఎవరిది వినబడదో కూడ అతడే నిర్ణయించుచున్నాడు.

ఇందు రెండు న్యాయములు ఎదురుపడును. ఇంటిలో లిపి పోయినను, బడిలో భాష పోయినను, పాటలో మాతృభాష మరియొక తరము బ్రదుకును. దానిని తీసివేయుట ఒక వంశస్మృతిని తీసివేయుట. ఇది మొదటి న్యాయము. పూజ ఒక్కటి, సమాజము ఒక్కటి. భాషకొక పూజ, భాషకొక బృందముగా విడిపోయినచో సామూహికార్చన అను మాటకు అర్థము లేదు. ఇది రెండవ న్యాయము. రెండును సత్యమే. ఒకదానికొరకు రెండవదానిని బలిపెట్టనక్కఱలేదు.

పైన చెప్పిన మూడు మెట్లు ఇక్కడ ఒక దారి చూపుచున్నవి. మొదటి మెట్టునందలి సంభాషణలు, జయధ్వానములు చిన్నవి. వానిని అందరెఱిగిన హిందీలో, ఒకే స్వరమున, ప్రతి ఆదివారమును మార్పులేక పాడవచ్చును. అది సమాజమునకు ఉమ్మడి కంఠమగును. రాత్రిపాళి ముగించుకొని సాధన లేకయే వచ్చినవాడును అందు కలియగలడు. మూడవ మెట్టునందలి ప్రవేశ, అర్పణ, సత్ప్రసాదగీతములు క్రియకు తోడునడచునవి. వానిని వంతుల ప్రకారము తెలుగునకు, మలయాళమునకు, తమిళమునకు, కురుఖునకు ఈయవచ్చును. అపుడు కూడ పల్లవి సులభమైనదైనచో పొరుగుభాషవారు దానిని నేర్చుకొందురు. కాని ఆ పాట ఆ దినపు పఠనములకు, ఆ కాలమునకు తగినదై యుండవలెను. మనభాషలోనిది అను ఒక్క కారణమున తపస్సుకాలమున ఉత్సవగీతము పాడినచో అది భాషకును గౌరవము కాదు, పూజకును గౌరవము కాదు.

పెక్కుభాషలు ఒకే పూజలో ఉండుట వింతగా తోచువారు లాటిను పూజనే తఱచి చూడవచ్చును. అది ఒక్క భాషలో ఉండెనని మనము అనుకొందుము. కాని దాని దయాప్రార్థన గ్రీకు. ఆమెన్, అల్లెలూయా, హోసన్నా హెబ్రూమాటలు. రోముకు వచ్చిన ఏ ప్రవాసులో, ఏ యాత్రికులో, ఏ పూర్వులో పలికిన పలుకులవి. వానిని అనువదింపక అట్లే యుంచిరి. అవి నేటికిని పూజలో తమ స్థానమున నిలిచియున్నవి. క్రమమునకు లోబడినందున అవి చెడలేదు. చోటు దొరకినందున క్రమము చెడలేదు. ఉక్కునగరమున తెలుగుపాట కోరదగిన స్థానము ఇంతకంటె ఎక్కువది కాదు, తక్కువది కాదు. తన వంతున, తన చోట, తన పల్లవిని పొరుగువాని నోటకూడ పలికింపగలిగినపుడు మనుమరాలి నాగరిలిపి పుస్తకములోని ఆ తెలుగుమాట పరాయిది కాదు. అది ఆ పూజకు సొంతమైన మాట.